రెండున్నర లక్షల అడ్వాన్స్ సర్వర్‌కి చేరేసరికి రెండు రూపాయలు

బెంగళూరులో అద్దె ఇల్లు వెతికిన తెలుగువాళ్లకు కొన్ని ప్రశ్నలు కంఠస్థం అయిపోతాయి. అడ్వాన్స్ ఎన్ని నెలలది, కావేరీ నీళ్లా బోరు నీళ్లా, గ్రౌండ్ ఫ్లోరా పైనా, వెజిటేరియన్లకేనా. మారతహళ్లి, కె.ఆర్.పురం, బీటీఎం లేఅవుట్ వైపు ఇళ్లు ఇచ్చేవాళ్లలోనూ, దిగేవాళ్లలోనూ తెలుగువాళ్లు బాగానే ఉంటారు. వాళ్లకోసం నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక చిన్న వెబ్‌సైట్ పెట్టారనుకుందాం. ఓనరు ఫారం నింపి సబ్మిట్ కొడితే ఇల్లు లిస్టులోకి ఎక్కుతుంది. పేరు, ఫోన్ నంబరు, అడ్రసు, ఎన్నో అంతస్తు, అద్దె, అడ్వాన్స్, నీళ్లు ఎక్కణ్నుంచి, శాకాహారులకేనా. మొత్తం ఎనిమిది ప్రశ్నలు. ఇంతకంటే తేలికైన ఫారం ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఈ ఎనిమిదింట్లో సర్వర్ తప్పుగా చదవడానికి అవకాశం లేనిది ఒక్కటీ లేదు.

తెర మీద కనిపించే ఫారం సర్వర్‌కి వెళ్లదు. పెట్టెలు, టిక్ గుర్తులు, డ్రాప్‌డౌన్లు, తప్పనిసరి అని చెప్పే ఎర్ర నక్షత్రాలు అన్నీ బ్రౌజర్‌లోనే ఉండిపోతాయి. సర్వర్‌కి చేరేది ఒక పొడుగాటి అక్షరాల దండ. ఫీల్డు పేరు, = గుర్తు, విలువ, & గుర్తు, మళ్లీ ఇంకో ఫీల్డు పేరు. ఇందులో ఏది అంకె, ఏది తేదీ, ఏది అవును-కాదు అన్న సంగతి ఎక్కడా రాసి ఉండదు. ఆ దండను తెంపి దేనికది వేరు చేసే పని సర్వర్ మీదున్న ప్రోగ్రామ్‌ది. ఇప్పటి ఫ్రేమ్‌వర్కుల్లో, అంటే వెబ్‌సైట్ కట్టడానికి ముందే తయారుగా దొరికే కోడ్‌లో, ఒక్క ముక్క రాయగానే విలువ చేతిలో పడుతుంది కాబట్టి అక్కడ పెద్దగా ఏమీ జరగలేదనిపిస్తుంది. నిజానికి ఆ ఒక్క ముక్క వెనక ఎవరో ఎప్పుడో తీసుకున్న నిర్ణయాలు బోలెడున్నాయి, అవి ఒక్కో భాషలో ఒక్కో రకం. డేటాబేస్ బగ్గులని పేరు పడ్డవాటిలో కొన్ని డేటాబేస్ దాకా పోకముందే ఈ చదివే చోట పుడతాయి.

ఈ దండ చాలా పాతది. 1993లో అమెరికాలో ఎన్‌సీఎస్ఏ అనే సంస్థ సర్వర్ కోసం సీజీఐ అనే ఏర్పాటు వచ్చింది, సర్వర్‌కి వచ్చినదాన్ని వేరే ప్రోగ్రామ్‌కి అందించే పద్ధతి అది. దండ యూఆర్ఎల్‌లోనే వచ్చే గెట్ పద్ధతిలో అయితే యూఆర్ఎల్‌లో ప్రశ్నార్థకం తర్వాతి భాగమంతా ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో దొరుకుతుంది. యూఆర్ఎల్‌లో కాకుండా బాడీ అనే వేరే భాగంలో వచ్చే పోస్ట్ పద్ధతిలో అయితే కంటెంట్ లెంగ్త్ ఎన్ని చెబితే అన్ని బైట్లు స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి చదువుకోవాలి. తర్వాత & దగ్గర తెంచి, ఒక్కో ముక్కనీ = దగ్గర తెంచి, + ఉన్నచోట ఖాళీ పెట్టి, % తర్వాతి రెండు అక్షరాలను ఒక బైటుగా మార్చుకోవాలి. తెంచడం ముందు, మార్చడం తర్వాత. వరస తిరగబడితే విలువలో దాక్కున్న & కూడా బయటికొచ్చి దండను తప్పుచోట తెంపేస్తుంది. హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలో ఈ రూపం 1995 నవంబర్‌లో అచ్చయింది. ఫైళ్లు పంపే మల్టీపార్ట్ పద్ధతి ప్రతిపాదన కూడా ఆ నెలలోనే వచ్చింది. అదే ఏడాది రాస్మస్ లెర్డార్ఫ్ విడుదల చేసిన పీహెచ్‌పీ అనే భాషకి జనంలో అంత ఆదరణ దొరకడానికి ఒక కారణం, ఈ తెంచే చాకిరీని అది తన నెత్తిన వేసుకోవడం. పైథాన్‌లో ఈ పని కోసం మొదట్నుంచీ ఉన్న సీజీఐ మాడ్యూల్‌ను 2024లో వచ్చిన 3.13 వెర్షన్‌లో తీసేశారు. దండ మాత్రం అలాగే ఉంది.

అడ్రసులో ఉన్న చిక్కు

బెంగళూరు అడ్రసులు చాలావరకు # గుర్తుతో మొదలవుతాయి. #45, 3వ క్రాస్, 7వ మెయిన్. దాని వెనకే ఒక ఆనవాలు, బేకరీ & స్వీట్స్ ఎదురుగా. ఫారం మామూలుగా సబ్మిట్ అయితే గొడవ లేదు. # ని %23గా, & ని %26గా, + ని %2బీగా బ్రౌజరే మార్చి పంపుతుంది. అసలు గొడవ జావాస్క్రిప్ట్‌లో యూఆర్ఎల్‌ను చేత్తో అతికించే చోట వస్తుంది. అడ్రస్ అన్న మాట పక్కన = పెట్టి, విలువను అలాగే తగిలించి పంపితే, యూఆర్ఎల్‌లో # తర్వాత ఉన్నదంతా పేజీలోపలి భాగానికి గుర్తు అనుకుని బ్రౌజర్ తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. సర్వర్‌కి అడ్రసు ఖాళీగా వస్తుంది, దాని తర్వాతి ఫీల్డులు అసలు రావు. లాగ్‌లు తిరగేసినా ఏమీ దొరకదు, ఎందుకంటే ఆ డేటా బయల్దేరనే లేదు. బ్యాకెండ్ వాళ్లు ఫ్రంటెండ్ వాళ్లను, ఫ్రంటెండ్ వాళ్లు నెట్‌వర్క్‌ను అనుమానిస్తూ ఒక స్టాండప్ మీటింగ్ గడిచిపోతుంది.

& సంగతి ఇంకో రకం. అడ్రసు "బేకరీ" దగ్గర ఆగిపోతుంది, "స్వీట్స్ ఎదురుగా" అనే పేరుతో ఎవరూ అడగని కొత్త ఫీల్డు ఒకటి సర్వర్‌లో ప్రత్యక్షమవుతుంది. ఫోన్ నంబరు ముందున్న +91లో + ఖాళీగా మారుతుంది. నంబరు సరిగ్గానే కొట్టిన మనిషికి "ఫోన్ నంబరు తప్పు" అని ఎర్ర అక్షరాల్లో కనబడుతుంది. దీనికి మందు జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపోనెంట్, లేదా యూఆర్ఎల్‌సెర్చ్‌పారమ్స్. పేరు చివర కాంపోనెంట్ లేని ఎన్‌కోడ్‌యూఆర్ఐ వాడితే లాభం లేదు. #, &, + మూడింటినీ అది ముట్టుకోదు. ఇద్దరూ కవలల్లా కనిపిస్తారు కానీ పని చేసేది ఒక్కరే.

గెట్, పోస్ట్ తేడా ఏమిటన్నది ఫ్రెషర్ల ఇంటర్వ్యూలో తప్పని ప్రశ్న. కోచింగ్ నోట్సులో దొరికే జవాబు, "గెట్ సేఫ్ కాదు, పోస్ట్ సేఫ్." ఇది సగం కూడా నిజం కాదు. హెచ్‌టీటీపీఎస్ ఉంటే దారిలో రెండూ భద్రమే, లేకపోతే రెండూ బట్టబయలే. తేడా దారిలో లేదు, చేరిన చోట ఉంది. గెట్ విలువలు యూఆర్ఎల్‌లో భాగం కాబట్టి సర్వర్ యాక్సెస్ లాగ్‌లో, బ్రౌజర్ హిస్టరీలో, సర్వర్ ముందు నిలబెట్టిన ప్రాక్సీల దగ్గర నిలిచిపోతాయి. ఓనరు ఫోన్ నంబరు నెలల తరబడి లాగ్ ఫైలులో పడి ఉంటుంది. ఇంకో తేడా, గెట్ అంటే ఊరికే చూడటం, దానివల్ల సర్వర్‌లో ఏమీ మారదు అన్న ఒప్పందం. 2005లో గూగుల్ వెబ్ యాక్సిలరేటర్ అనే సాధనం, యూజర్ నొక్కబోతాడేమో అని పేజీలోని లింకులను ముందే తెచ్చిపెట్టుకునేది. కొన్ని వెబ్ అప్లికేషన్లలో డిలీట్ కూడా మామూలు గెట్ లింకే కావడంతో, ఎవరూ నొక్కకుండానే డేటా చెరిగిపోయింది. ఒప్పందం తప్పింది లింకులు రాసినవాళ్లే అయినా తిట్లు మాత్రం గూగుల్‌కి పడ్డాయి.

కొలత సంగతి కూడా తెలుగుకు గట్టిగానే తగులుతుంది. అపాచీ సర్వర్‌లో రిక్వెస్ట్ మొదటి వరసకు, అంటే యూఆర్ఎల్ ఉండే వరసకు, డిఫాల్ట్ హద్దు 8190 బైట్లు. ఇంగ్లిష్‌లో అది చిన్న వ్యాసానికి సరిపోతుంది. తెలుగులో ఎంతకు సరిపోతుందో తేలాలంటే ఒక పేరును దగ్గర పెట్టుకుని చూడాలి.

శ్రీను

కంటికి ఇవి రెండు అక్షరాలు, శ్రీ, ను. యూనికోడ్ లెక్కలో ఆరు. శ, పొల్లు, రకారం, ఈకారపు గుడి, న, కొమ్ము. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే 18. ఫారం దండలో ఒక్కో బైటూ % గుర్తూ రెండు అక్షరాలూ కలిసి మూడు చోట్లు తీసుకుంటుంది, అంటే 54. రెండక్షరాల పేరు పంపడానికి 54. ఈ లెక్కన 8190లో పట్టేది తొమ్మిది వందల చిల్లర యూనికోడ్ గుర్తులే. ఫారంలో వర్ణనకీ ఒక పెట్టె పెట్టి, ఇంటి గురించి నాలుగు మాటలు తెలుగులో వర్ణించి గెట్‌లో పంపితే హద్దు దాటడం కష్టమేమీ కాదు.

ఈ 18 బైట్లు సర్వర్‌కి క్షేమంగా చేరాక కూడా వాటిని ఏ లిపి పద్ధతిలో చదవాలో దండ తనంతట తాను చెప్పదు. జావాలో రిక్వెస్టులు చదివే ప్రోగ్రాములైన సర్వ్‌లెట్లలో చాలాకాలం డిఫాల్ట్ పద్ధతి ఐఎస్ఓ-8859-1, అంటే పశ్చిమ ఐరోపా అక్షరాలు. ఆ కళ్లజోడుతో చూస్తే తెలుగు అక్షరంలోని మొదటి బైటు నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరంలా, రెండోది డిగ్రీ గుర్తులానో, ప్లస్-మైనస్ గుర్తులానో కనబడుతుంది. తెర నిండా ఆ జంట వరసగా కనిపిస్తే అది పాడైపోయిన డేటా కాదు, తెలుగును తప్పు కళ్లజోడుతో చదివిన డేటా అని వెంటనే పోల్చుకోవచ్చు. ఆ దశలో ఇంకా బాగుచేయొచ్చు. దాన్ని అలాగే తీసుకెళ్లి ఇంకో చోట మార్చి దాచి, అన్నీ ప్రశ్నార్థకాలు అయ్యాయంటే ఇక చేసేదేమీ లేదు. జావాలో విరుగుడు సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ అనే ఒక్క వరస. కానీ ఏ ఫీల్డునూ ముట్టుకోకముందే అది రాయాలి. లాగింగ్ కోసం పెట్టిన ఏదో ఫిల్టర్ ముందుగానే ఒక ఫీల్డు చదివేసిందా, ఆ తర్వాత ఎన్నిసార్లు సెట్ చేసినా వినేవాళ్లుండరు. పైగా ఈ వరస పోస్ట్ బాడీకే. యూఆర్ఎల్‌లో వచ్చే విలువలకు, సర్వ్‌లెట్లను నడిపే టామ్‌క్యాట్‌లో వేరే సెట్టింగ్ ఉంది, దాని డిఫాల్ట్ యూటీఎఫ్-8 అయింది 8వ వెర్షన్ నుంచే.

కొన్నిసార్లు తప్పు పంపే వైపే జరుగుతుంది. పేజీలో యూటీఎఫ్-8 అని చెప్పడం మర్చిపోతే బ్రౌజర్ విండోస్-1252 అనుకోవచ్చు. అందులో తెలుగు పట్టదు. పట్టని అక్షరాన్ని బ్రౌజర్ పారేయదు, అంకెల రూపంలోకి మార్చి పంపుతుంది. శ బదులు &#3126; అని వస్తుంది. వింత ఏమిటంటే వెబ్‌పేజీలో చూపిస్తే ఇది మళ్లీ శ లాగే కనబడొచ్చు. అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఎస్ఎంఎస్ పంపినప్పుడో, ఎక్సెల్‌లోకి దించినప్పుడో, "శ్రీను" అని వెతికితే దొరకనప్పుడో బండారం బయటపడుతుంది.

పేరులో అక్షరాలే ఉండాలి అని పెట్టే తనిఖీ గురించి కూడా చెప్పుకోవాలి. రెగెక్స్‌లో, అంటే అక్షరాల నమూనా రాసే పద్ధతిలో, ఏ నుంచి జెడ్ వరకు అని రాస్తే తెలుగు పేరు చెల్లదు, అది అందరికీ తెలుసు. కాస్త తెలిసినవాళ్లు యూనికోడ్ అక్షరం అనే వర్గాన్ని వాడతారు, దాంతో పని అయిపోయిందనుకుంటారు. యూనికోడ్ దృష్టిలో శ, ర, న అక్షరాలు. గుడి, కొమ్ము, పొల్లు అక్షరాలు కావు, గుర్తులు. వాటి వర్గం వేరు. కాబట్టి "రమ"లో గుర్తులేవీ లేవు కనుక ఆ పేరు చెల్లుతుంది, "రామ" చెల్లదు. గుర్తుల వర్గాన్ని కూడా కలిపితే తప్ప తెలుగు పేర్లలో చాలావరకు బయటే నిలబడతాయి. అపార్ట్‌మెంట్ లాంటి మాటల్లో కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ ఒకటి ఉంటుంది. చెత్త అనుకుని దాన్ని ఊడ్చేస్తే ట కింద మకారం ఒత్తుగా చేరి మాట రూపమే మారిపోతుంది. ఐత్వం ఇంకో తిరకాసు. హైదరాబాద్‌లోని ఐత్వాన్ని ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు గుర్తులు కలిపీ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కి రెండు వేర్వేరు ఊళ్లు. చదివిన వెంటనే ఎన్ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపంలోకి మార్చుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

కామా దగ్గర తెగిన లక్షలు

నెలకు 25,000 అద్దె, పది నెలల అడ్వాన్స్. ఓనరు 2,50,000 అని కొట్టాడు. మన దేశంలో డబ్బు రాసే పద్ధతే అది. పీహెచ్‌పీలో దీన్ని పూర్ణాంకంగా మార్చితే 2 వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో పార్స్‌ఇంట్ చేసినా 2. అంకెలు ఉన్నంతవరకు చదివి, కామా కనబడగానే ఆగిపోవడం వాటి స్వభావం. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. లిస్టులో "అడ్వాన్స్: 2 రూపాయలు" అని పడుతుంది, సాయంత్రానికి ఓనరు ఫోను మోగుతూనే ఉంటుంది. పైథాన్‌లో ఇంట్, జావాలో పార్స్‌ఇంట్ ఈ విలువను చూడగానే ఎర్రర్ ఇచ్చేస్తాయి. కొత్తవాళ్లకు ఆ ఎర్రర్ చిరాకు, కానీ ఈ విషయంలో మొండితనమే మేలు. పార్స్‌ఇంట్ అన్న ఒకే పేరు జావాలో ఒకలా, జావాస్క్రిప్ట్‌లో ఇంకోలా నడవడం ఒక్కటే రెండూ రాసేవాళ్లను తికమకపెడుతుంది.

తెలుగు అంకెల్లో ౨౫౦౦౦ అని కొడితే సీన్ మారుతుంది. పైథాన్, జావా రెండూ దాన్ని చక్కగా 25000గా చదువుతాయి. జావాస్క్రిప్ట్ అది అంకే కాదంటుంది. పీహెచ్‌పీ సున్నా అంటుంది. తెలుగు అంకెలు కొట్టేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉంటారన్నది వేరే మాట.

సున్నా అంటే అంతస్తు గుర్తొస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్‌ను డ్రాప్‌డౌన్‌లో 0 అని పెట్టడం మామూలే. పీహెచ్‌పీలో ఎంప్టీ అనే తనిఖీకి "0" కూడా ఖాళీయే. గ్రౌండ్ ఫ్లోర్ ఎంచుకున్న ప్రతి ఓనరుకీ "అంతస్తు తప్పనిసరి" అని వస్తుంది. ఎన్నిసార్లు ఎంచుకున్నా అదే మాట. పైథాన్‌లోనూ జావాస్క్రిప్ట్‌లోనూ అయితే స్ట్రింగ్‌గా ఉన్నంతసేపు "0" బతికే ఉంటుంది, అంకెగా మార్చి "విలువ ఉందా" అని అడిగితే లేదంటుంది. ఫీల్డు అసలు రాకపోవడం, వచ్చి ఖాళీగా ఉండటం, ఖాళీ స్పేసులతో రావడం, సున్నా రావడం, ఇవి నాలుగు వేర్వేరు సంగతులు. ఒకే ఇఫ్‌తో నాలుగింటినీ కట్టేయాలని చూడటం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

మూడు రకాల నీళ్లు

ఈ ఫారంలో అన్నిటికంటే ఆసక్తిగా ఉండేది నీళ్ల ప్రశ్న. కావేరీ, బోరు, ట్యాంకర్, మూడు టిక్ పెట్టెలు, మూడింటికీ ఫీల్డు పేరు ఒకటే. ఓనరు మూడూ టిక్ పెడితే దండలో నీళ్లు=కావేరీ&నీళ్లు=బోరు&నీళ్లు=ట్యాంకర్ అని వెళుతుంది. ఇది తప్పేమీ కాదు, ఒకే పేరు ఎన్నిసార్లయినా రావచ్చు. "నీళ్లు విలువ ఏమిటి" అని ఏకవచనంలో అడిగినప్పుడే చిక్కు. జావా సర్వ్‌లెట్ కావేరీ అంటుంది, మొదటిది ఇవ్వడం దాని పద్ధతి. పైథాన్‌లోనే ఫ్లాస్క్ అనే ఫ్రేమ్‌వర్క్ కావేరీ అంటుంది, జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ ట్యాంకర్ అంటుంది, ఒకటి మొదటిదాన్నీ ఇంకొకటి చివరిదాన్నీ ఇస్తాయి కాబట్టి. పీహెచ్‌పీలో ఫీల్డు పేరు చివర [] పెట్టకపోతే చివరి ట్యాంకరే మిగులుతుంది, మిగతా రెండూ చేతికి రావు. జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్ మూడింటినీ అర్రేగా, అంటే జాబితాగా, ఇస్తుంది, కానీ ఓనరు ఒక్కటే టిక్ పెడితే అర్రే కాకుండా ఉత్త స్ట్రింగ్ ఇస్తుంది. దాన్ని లూప్‌లో తిప్పితే ఒక్కో అక్షరం విడిగా వస్తుంది. అదే ఇల్లు, అదే ఓనరు, అదే ఫారం. సర్వర్ ఏ భాషలో ఉందన్నదాన్ని బట్టి ఆ ఇంటికి కావేరీ నీళ్లు ఉన్నట్టో, ట్యాంకర్ మీద బతుకుతున్నట్టో అవుతుంది. విరుగుడు మాత్రం తేలికే, గెట్‌లిస్ట్ అనో గెట్‌పారామీటర్‌వాల్యూస్ అనో బహువచనంలో అడగాలి.

శాకాహారులకే అన్న టిక్ పెట్టె ఒంటరిది, అయినా దానికీ ఒక గుణం ఉంది. టిక్ పెడితే విలువ వెళుతుంది. టిక్ పెట్టకపోతే "కాదు" అని వెళ్లదు, అసలు ఏమీ వెళ్లదు. కొత్త ఇల్లు ఎక్కించేటప్పుడు దీనితో ఇబ్బంది లేదు. ఎడిట్ చేసేటప్పుడు ఉంది. మూణ్నెల్లుగా ఎవరూ రాకపోయేసరికి ఓనరు మనసు మార్చుకుని టిక్ తీసేశాడు. సర్వర్‌కి ఆ ఫీల్డు రాలేదు. "వచ్చిన ఫీల్డులను మాత్రం మార్చు" అని రాసిన కోడ్ పాత విలువను అలాగే ఉంచింది. ఓనరు మళ్లీ తీశాడు, మళ్లీ వచ్చి కూర్చుంది. రూబీ ఆన్ రెయిల్స్ అనే ఫ్రేమ్‌వర్క్‌లో దీనికి ఒక చిట్కా ఉంది. టిక్ పెట్టెకు ముందు అదే పేరుతో 0 విలువ ఉన్న కనబడని ఫీల్డును పెడతారు. టిక్ లేకపోతే 0 వెళుతుంది, ఉంటే రెండూ వెళతాయి, చివరిదే నెగ్గుతుంది. ఇదే పేజీని మొదటిది నెగ్గే సర్వ్‌లెట్‌కి తగిలిస్తే ఎన్ని టిక్కులు పెట్టినా 0 తప్ప ఏమీ రాదు. డిసేబుల్ చేసిన ఫీల్డుదీ ఇదే కథ, తెర మీద విలువ కనబడుతూనే ఉంటుంది, సర్వర్‌కి రాదు. రీడ్‌ఓన్లీ అయితే వస్తుంది.

ఒక్కసారే చదవగలిగే బాడీ

పోస్ట్ బాడీ అల్మరాలో పెట్టిన ఫైలు కాదు, కొళాయిలో వచ్చే నీళ్లు. ఒకసారి పట్టుకున్నాక మళ్లీ రావు. జావాలో ఆడిట్ కోసం రాసిన ఫిల్టర్ ఇన్‌పుట్ స్ట్రీమ్‌ను చదివేస్తే, ఆ తర్వాత కంట్రోలర్ అడిగే ఫీల్డులన్నీ నల్ అవుతాయి. లాగ్‌లో చూస్తే డేటా నిక్షేపంలా కనబడుతుంది, ప్రోగ్రామ్ చూస్తే రాలేదంటుంది. టెన్షన్ పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి. చదివినదాన్ని దాచి మళ్లీ అందించే ర్యాపర్ వాడితే తప్ప ఇది తీరదు.

జావాస్క్రిప్ట్‌ను సర్వర్ మీద నడిపే నోడ్‌లో బాడీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్కనూ స్ట్రింగ్‌గా మార్చుకుంటూ తగిలించడం పాత ట్యుటోరియళ్లు నేర్పిన అలవాటు. దండలో % రూపంలో వస్తే పరవాలేదు. దండకు బదులు వాడే జేసన్ అనే ఇంకో రూపంలో అయితే తెలుగు నేరుగా యూటీఎఫ్-8 బైట్లుగా వస్తుంది. ముక్క సరిగ్గా ఒక అక్షరపు మూడు బైట్ల మధ్యలో తెగితే ఆ అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న వజ్రాలు పడతాయి. పేరు, అడ్రసు లాంటి చిన్న విలువల్లో ఇది దాదాపు రాదు. ఇంటి వర్ణన పొడుగ్గా రాసినప్పుడు, అదీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఇంగ్లిష్‌లో టెస్ట్ చేసే టీముకి ఎన్నేళ్లయినా దొరకదు. ముక్కలన్నీ బైట్లుగానే పోగేసి చివర్న ఒక్కసారి మార్చాలి.

జేసన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. ఫ్రంటెండ్ జేసన్ పంపితే పీహెచ్‌పీ పోస్ట్ అర్రే ఖాళీ, జాంగో పోస్ట్ కూడా ఖాళీ. డేటా రాకపోవడం కాదు, కంటెంట్ టైప్ చూసి అవి తమ పని కాదనుకున్నాయి.

హద్దుల విషయంలో పీహెచ్‌పీ మరీ నిశ్శబ్దం. ఒక పోస్ట్ డిఫాల్ట్‌గా 8 ఎంబీ దాటకూడదు. ఫారంలో ఫొటోలకూ చోటిస్తే, ఓనరు ఫోన్‌లో తీసిన నాలుగేసి ఎంబీల ఫొటోలు మూడు పెట్టాడంటే హద్దు దాటింది. అప్పుడు ఫొటోలే కాదు, పేరుతో సహా మొత్తం ఫీల్డులన్నీ ఖాళీ అయిపోతాయి. తెర మీద "పేరు తప్పనిసరి" అని వస్తుంది. పేరు ఎదురుగానే ఉంది పాపం. ఇంకో హద్దు, ఒక రిక్వెస్ట్‌కి 1000 విలువలు. 2011 డిసెంబర్‌లో బెర్లిన్ సదస్సులో ఇద్దరు పరిశోధకులు, ఒకే హ్యాష్ (పేరు నుంచి ప్రోగ్రామ్ లెక్కగట్టే అంకె) వచ్చే ఫీల్డు పేర్లను వేలల్లో పంపి సర్వర్‌ను కుదేలు చేయొచ్చని చూపించాక, మరుసటి నెలలో ఈ హద్దు పెట్టారు. ఒక బ్రోకరు ఇళ్లన్నీ ఒకే పేజీలో ఎక్కిస్తే, ఇంటికి 8 విలువల చొప్పున 125 ఇళ్లతో 1000 నిండుతుంది. 126వ ఇల్లు నుంచి అన్నీ మాయం. సర్వర్ లాగ్‌లో ఒక హెచ్చరిక పడుతుంది, బ్రోకరుకు మాత్రం "విజయవంతం" అని కనబడుతుంది.

అడగనివి వచ్చినప్పుడు

ఇప్పటిదాకా చెప్పిన ఓనర్లంతా మంచివాళ్లు. ఫారంలో లేని ఫీల్డును దండలో తగిలించి పంపడానికి హ్యాకర్ కానక్కర్లేదు, బ్రౌజర్ డెవలపర్ టూల్స్ చాలు. డేటాబేస్‌లో "తనిఖీ అయిన ఇల్లు" అనే కాలమ్ ఉందనుకుంటే, దండ చివర దానికి 1 తగిలించి పంపితే చాలు. వచ్చిన ఫీల్డులన్నిటినీ గుత్తగా తీసుకెళ్లి రికార్డులో పోసే కోడ్ దాన్నీ పోసేస్తుంది. 2012 మార్చిలో ఎగోర్ హోమకోవ్ అనే ప్రోగ్రామర్, కోడ్ దాచుకునే సైటైన గిట్‌హబ్‌లో చూపించింది ఇదే. తన పబ్లిక్ కీని జతచేసే ఫారంలో వేరొకరి ఐడీ తగిలించి, రెయిల్స్ కోడ్ ఉన్న రిపాజిటరీలోకి రాసే హక్కు సంపాదించాడు. మరుసటి ఏడాది వచ్చిన రెయిల్స్ 4లో, అనుమతించిన ఫీల్డుల జాబితా విడిగా రాయక తప్పని పద్ధతి పెట్టారు. పీహెచ్‌పీలో అంతకుముందే దీని తాత లాంటిది ఒకటి ఉండేది, రిజిస్టర్ గ్లోబల్స్. వచ్చిన ప్రతి ఫీల్డూ దానంతటదే ప్రోగ్రామ్‌లో వేరియబుల్ అయిపోయేది. 2002లో 4.2 వెర్షన్‌లో డిఫాల్ట్‌గా ఆపేశారు, 2012లో 5.4లో పూర్తిగా తీసేశారు. దాని ఆనవాలు ఇప్పటికీ ఒకటి మిగిలింది. ఫీల్డు పేరులో చుక్క ఉంటే పీహెచ్‌పీ దాన్ని అండర్‌స్కోర్‌గా మారుస్తుంది, చుక్క ఉన్న పేరు వేరియబుల్‌కి పనికిరాదు కాబట్టి.

చదివినదాన్ని ఎస్‌క్యూఎల్ వాక్యంలో అతికించకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్‌కి ఇవ్వడం, పేజీలో చూపేటప్పుడు ఎస్కేప్ చేయడం గురించి చెప్పనివాళ్లు లేరు, ఇక్కడ మళ్లీ అక్కర్లేదు. అంతగా చెప్పనిది ఒకటుంది. తనిఖీలో తప్పు దొరికితే ఫారాన్ని తిరిగి చూపించేటప్పుడు పెట్టెలో ఏముండాలి? ఓనరు కొట్టిన 2,50,000 ఉండాలి. సర్వర్ తనకు అర్థమైన 2ని గానీ, ఖాళీని గానీ పెడితే, ఎనిమిది ప్రశ్నలూ మళ్లీ నింపాల్సిన మనిషి మూడోసారికి సైట్ మూసేసి గేటుకు టూ-లెట్ బోర్డు తగిలించుకుంటాడు. అందుకే వచ్చిన రూపం వచ్చినట్టు ఒకచోట, మార్చిన విలువ ఇంకోచోట ఉంచుకోవాలి. కామాలు తీసి 250000గా చదువుకోవడంలో తప్పులేదు, "రెండున్నర లక్షలు, సరేనా" అని ఎదురుగా చూపిస్తే ఇంకా మంచిది.

తప్పు లేకపోతే డేటాబేస్‌లో రాసి పేజీ చూపించేయడం కాదు, 303 అనే జవాబుతో బ్రౌజర్‌ను వేరే యూఆర్ఎల్‌కి గెట్‌లో పంపాలి. లేకపోతే ఓనరు రిఫ్రెష్ కొట్టి, బ్రౌజర్ అడిగినదానికి సరే అంటే అదే పోస్ట్ ఇంకోసారి వెళుతుంది. అయినా ఒక కంత మిగులుతుంది. సిల్క్ బోర్డ్ దగ్గర బస్సులో కూర్చుని సబ్మిట్ కొట్టాడు, సిగ్నల్ పోయింది. దండ సర్వర్‌కి చేరింది, జవాబు వెనక్కి రాలేదు. మళ్లీ కొట్టాడు. 303 ఇక్కడ ఏమీ చేయలేదు, మొదటి జవాబే అందలేదు కదా. ఫారం తెరిచినప్పుడే అందులో ఒక టోకెన్ పెట్టి, ఆ కాలమ్‌కి డేటాబేస్‌లో యూనిక్ అని రాసుకుంటే రెండో ఇన్సర్ట్ ఆగిపోతుంది, సర్వర్ మొదటి ఇంటి పేజీకే దారి చూపిస్తుంది.